26 నెలల బిల్లు అడిగారు, 3 నెలల బిల్లుతో ఫైలు మూశాం

ఏప్రిల్ 14న ఆమె నా టేబుల్ మీద ఒక ఉత్తరం పెట్టారు. ఒకటిన్నర పేజీ ఉంది, చివర్లో బాకీ మొత్తం లావు అక్షరాల్లో ఉంది. ఆమె నెలనెలా కట్టే బ్రాడ్‌బ్యాండ్ బిల్లుతో దాన్ని భాగించి చూశాను. దాదాపు 26 నెలలు వచ్చింది. "ఇల్లు ఖాళీ చేసి పదిహేను రోజులు దాటింది సార్. అక్కడ లేని ఇంటర్నెట్‌కి రెండేళ్ల పైన డబ్బు కట్టాలా?" అని అడిగారు. ఆ ఉత్తరం వచ్చినప్పటి నుంచి సరిగా నిద్ర లేదని కూడా చెప్పారు.

నేను చాలా ఏళ్లు ఒక బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ బిల్లింగ్ విభాగంలో పనిచేశాను. ఇప్పుడు వినియోగదారుల తరఫున ఇలాంటి ఫైళ్లు చూస్తున్నాను. కనెక్షన్ రద్దులో జనం మామూలుగా చేసే పొరపాట్లు, కంపెనీల బిల్లుల్లో మామూలుగా దొర్లే తప్పులు ఈ ఒక్క కేసులోనే దాదాపు అన్నీ కనిపించాయి. ఆమె ఒప్పుకున్నాకే, గుర్తుపట్టే వివరాలు తీసేసి రాస్తున్నాను. డబ్బును మొత్తాల్లో చెప్పకుండా నెల బిల్లుల లెక్కలో చెబుతాను. ఎవరి ప్లాన్ ఏదైనా లెక్క అర్థమవుతుంది.

అంతవరకు జరిగింది ఇదీ. రెండేళ్ల కిందట జూన్ 10న 24 నెలల కాంట్రాక్టుతో కనెక్షన్ తీసుకున్నారు. ఇన్‌స్టలేషన్ ఉచితం, రూటర్‌కు డిపాజిట్ ఒక నెల బిల్లంత. కిందటి నవంబర్‌లో కంపెనీ నుంచి ఎవరో ఫోన్ చేసి, అదే రేటుకు స్పీడ్ పెంచుతామంటే సరే అన్నారు. మార్చి ఆఖరుకు వేరే ఇంటికి మారాల్సి వచ్చింది. అక్కడ ఈ కంపెనీ లైన్ లేదు. ఫిబ్రవరి 26న కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ఆపేయమన్నారు. అవతలి వాళ్లు డిస్కౌంట్ ఇస్తామన్నారు, ఈమె వద్దన్నారు. "నోట్ చేసుకున్నాం, మా టీమ్ కాల్ చేస్తుంది" అన్నారు. ఎవరూ చేయలేదు. మార్చి 2న బ్యాంకు యాప్‌లోకి వెళ్లి ఆటోపే తీసేశారు. దాంతో కనెక్షన్ రద్దయిపోయిందనుకున్నారు.

అసలు చిక్కు మొదలైంది అక్కడే. ఆటోపే ఆపితే ఆగేది డబ్బు మాత్రమే. కాంట్రాక్టు దాని దారిన అది నడుస్తూనే ఉంటుంది. కంపెనీ కంప్యూటర్‌లో ఆమె ఖాతా మూసిన ఖాతా కాదు, బిల్లు ఎగ్గొట్టిన ఖాతా. మార్చి 10 బిల్లు పడింది, ఏప్రిల్ 10 బిల్లు పడింది, రెండింటికీ ఆలస్య రుసుము పడింది. ఏప్రిల్ 12న లైన్ సస్పెండ్ చేసి ఈ ఉత్తరం పంపారు. ఇంకో నెల ఇలాగే వదిలేస్తే వసూలు ఏజెన్సీకి వెళ్లేది, అక్కడి నుంచి క్రెడిట్ రిపోర్టులోకి ఎక్కేది. అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్లకు ముందే చెబుతాను, ఆటోపే మీద చేయి వేయాల్సింది అన్నిటికంటే చివర, ఫైనల్ బిల్లు తేలాకే అని.

ఉత్తరంలోని మొత్తాన్ని విడగొడితే ఇలా తేలింది: కట్టని 2 నెలలు, వాటి ఆలస్య రుసుములు, కాంట్రాక్టులో మిగిలిన కాలానికి 18 నెలల పైచిలుకు, నోటీసు కాలానికి 1 నెల, మాఫీ చేసిన ఇన్‌స్టలేషన్ తిరిగి వసూలుకు ఒకటిన్నర నెల, తిరిగివ్వని పరికరాలకు 3 నెలలు.

ఆమె అప్పటికే రెండుసార్లు ఫోన్ చేసి "ఇంత ఎలా వేస్తారు" అని గొడవపడ్డారు. మొత్తం మీద వాదిస్తే కంపెనీ కూడా మొత్తం మీదే జవాబు చెబుతుంది: "సిస్టమ్‌లో అంతే చూపిస్తోంది మేడమ్." కాల్ సెంటర్‌లో కూర్చున్న మనిషికి మొత్తాన్ని మార్చే అధికారం ఉండదు. ఒక్కో పద్దుకు ఆధారం అడిగితే మాత్రం ఫైలు ఆ మనిషి చేతిలోంచి బిల్లింగ్ వాళ్ల దగ్గరికి వెళ్లక తప్పదు. అవతలి కుర్చీలో కూర్చున్నవాణ్ణి కాబట్టి ఇది నాకు బాగా తెలుసు. అందుకే ఫోన్ పక్కన పెట్టి, రిజిస్టరైన ఈమెయిల్ నుంచి నాలుగు ప్రశ్నలు రాయించాను. కాంట్రాక్టు ఏ తేదీన మొదలైందని మీ లెక్క, దానికి కాగితం ఏది? కట్టుబడి ఉండాల్సిన కనీస కాలం ఎప్పటికి ముగుస్తుంది? ఒక్కో చార్జీ నిబంధనల్లోని ఏ క్లాజు కింద వేశారు? రోజుల లెక్క ఎలా కట్టారు?

మూడు రోజుల్లో జవాబు వచ్చింది. కాంట్రాక్టు మొదలైన తేదీ నవంబర్ 18 అని రాశారు.

కేసు మొత్తం ఆ ఒక్క తేదీలోనే ఉంది. స్పీడ్ పెంచిన రోజున వాళ్ల సిస్టమ్ 24 నెలలను మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. అలా వచ్చే ఏడాది నవంబర్ 17 దాకా ఆమె కట్టుబడి ఉన్నట్టయింది. పాత తేదీ ప్రకారమైతే ఈ జూన్ 9తో కాలం పూర్తవుతుంది. 18 నెలల పైచిలుకు పద్దు ఆ నవంబర్ ఫోన్ కాల్ లోంచి పుట్టిందే.

ఆ రోజు వచ్చిన మెసేజ్‌లన్నీ ఆమె ఫోన్‌లో వెతికించాను. ఓటీపీలు, డెలివరీ మెసేజ్‌ల మధ్య ఒకటి దొరికింది. రెండు వాక్యాలు: ప్లాన్ అప్‌గ్రేడ్ అయింది, కొత్త స్పీడ్ ఇంత. కాలపరిమితి మాట లేదు, నిబంధనల లింకు లేదు, ఒప్పుకున్నట్టు నొక్కమన్న బటన్ లేదు. ఈమెయిల్‌లో అదీ లేదు. రెండేళ్ల కిందట వచ్చిన మొదటి ఆర్డర్ మెయిల్ మాత్రం భద్రంగా ఉంది. అందులో మొదలు తేదీ, 24 నెలలు, నెల చార్జీ, డిపాజిట్, అన్నీ ఉన్నాయి. అలాంటి మెయిల్ మీ ఇన్‌బాక్స్‌లో కూడా ఎక్కడో ఉండి ఉంటుంది. రద్దు ఆలోచన రాగానే కస్టమర్ కేర్ నంబర్ కన్నా ముందు దాన్ని వెతకండి.

కంపెనీ సొంత నిబంధనల్లోనే, కాలపరిమితి మారాలంటే వినియోగదారు స్పష్టంగా ఒప్పుకోవాలని, మారిన షరతుల ప్రతి పంపుతామని రాసి ఉంది. దాన్ని యథాతథంగా ఉటంకిస్తూ రెండు అడిగాం: నవంబర్ 18 కాల్ రికార్డింగ్, ఆ రోజు పంపిన షరతుల ప్రతి. చట్టం కూడా ఇదే దారిలో నడుస్తున్న దేశాలు చాలా ఉన్నాయి. యూరోపియన్ యూనియన్ 2018లో తెచ్చిన ఎలక్ట్రానిక్ కమ్యూనికేషన్స్ కోడ్ ప్రకారం వినియోగదారును 24 నెలలకు మించి కట్టిపడేయకూడదు. సంతకానికి ముందే కాంట్రాక్టు సారాంశాన్ని నిర్ణీత నమూనాలో ఇవ్వాలి, అది మామూలుగా ఒకే పేజీ. కాంట్రాక్టు దానంతట అదే పొడిగింపులోకి వెళ్తే, గరిష్ఠంగా ఒక నెల నోటీసుతో ఎప్పుడైనా బయటికి రావచ్చు. అమెరికాలో 2024 నుంచి బ్రాడ్‌బ్యాండ్ ప్లాన్‌లకు లేబుల్ తప్పనిసరి చేశారు, మధ్యలో మానేస్తే పడే రుసుము అందులో కనిపించాలి. మీ దేశంలో నియమం ఏదైనా, ఏ కాగితం అడగాలో వీటిని చూస్తే తెలుస్తుంది.

కంపెనీ రికార్డింగ్ ఇవ్వలేదు. ఫిర్యాదును పై స్థాయికి పంపాక తొమ్మిదో రోజున ఒక మెయిల్ వచ్చింది. "సిస్టమ్ అప్‌డేట్ కారణంగా తేదీ పొరపాటుగా నమోదైంది, కనీస కాలం జూన్ 9తో ముగుస్తుంది." ఆమె ఆ వాక్యాన్ని నాకు ఫోన్‌లో రెండుసార్లు చదివి వినిపించారు.

ఆ మెయిల్ కోసం ఎదురుచూస్తూ మేం ఖాళీగా కూర్చోలేదు. కట్టని 2 నెలల బిల్లు ఏప్రిల్ 17నే కట్టించాను. "గొడవ నడుస్తుండగా కట్టడమెందుకు?" అని వాళ్లబ్బాయి అడిగాడు. ఏ లెక్క ప్రకారం చూసినా ఆ 2 నెలలు కట్టాల్సినవే. నిజమైన బాకీ కట్టేస్తే మిగిలింది వివాదంలో ఉన్న సొమ్ము అవుతుంది, ఎగవేత అనే మాట వాడటానికి వీలుండదు. కట్టేటప్పుడు ఏ నెలలకు కడుతున్నామో మెయిల్‌లో రాశాం. లేకపోతే ఆ డబ్బును వాళ్లకు నచ్చిన పద్దులో వేసుకుంటారు.

ఆ అబ్బాయికి ఇంకో ఆలోచన కూడా ఉంది. స్పీడ్ సరిగా రాలేదని చెప్పి, సేవాలోపం కింద రుసుము లేకుండా బయటపడదామని. చెప్పిన కనీస స్పీడ్ ఇవ్వలేకపోతే, సరిచేయడానికి అవకాశమిచ్చాక కూడా బాగుపడకపోతే, రుసుము లేకుండా మానేసే హక్కు చాలా కాంట్రాక్టుల్లో ఉంటుంది. కాబట్టి ఆలోచన తప్పేమీ కాదు. కానీ అతను తెచ్చిన స్క్రీన్‌షాట్లన్నీ వెనక పడకగదిలో వైఫై మీద తీసినవి. రెండు గోడల అవతల వైఫై తగ్గితే అది లైన్ లోపం కాదు. ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో రూటర్‌కు కలిపి, మిగతా పరికరాలన్నీ ఆపి, కొన్ని రోజుల పాటు వేర్వేరు వేళల్లో కొలిస్తేనే ఆధారం. అదీగాక, ఆ రెండేళ్లలో స్పీడ్ బాగానే వచ్చిందని ఆమే చెప్పారు. లేని లోపాన్ని రాయనన్నాను. ఒక్క అబద్ధం బయటపడితే నవంబర్ తేదీ గురించి మనం చెప్పిన నిజాన్ని కూడా నమ్మరు.

తేదీ ఖరారయ్యాక, రద్దు ఏ రోజున జరగాలన్న ప్రశ్న వచ్చింది. ఈ కేసులో నేను ఎక్కువసేపు ఆలోచించింది దీని గురించే.

ఫిబ్రవరి 26న ఆమె ఫోన్ చేసిన ఆధారం ఉంది. కాల్ లాగ్‌లో 14 నిమిషాలు. ఫోన్‌లో చెప్పినా నోటీసే అని నిబంధనల్లో ఉంది. దాని మీద పట్టుబడితే 30 రోజుల నోటీసు మార్చి 28తో ముగిసిందని వాదించవచ్చు. పైకి అదే లాభంలా కనిపిస్తుంది. కానీ మార్చి 28న ముగిసిందంటే గడువుకు ముందే మానేసినట్టు. అప్పుడు జూన్ 9 దాకా మిగిలిన రోజులకు రుసుము ఎలాగూ పడుతుంది, దానికితోడు 24 నెలలు పూర్తికానందుకు ఇన్‌స్టలేషన్ మాఫీ వెనక్కి తీసుకుంటారు. అది ఒకటిన్నర నెల బిల్లు. అదే జూన్ 9 దాకా కాంట్రాక్టును నడవనిచ్చి మరుసటి రోజు మూస్తే, మధ్యలో మానేయడం అనే మాటే ఉండదు. ఖాళీ ఇంటికి ఇంకో నెల బిల్లు కట్టడం మనసుకు కష్టంగానే ఉంటుంది. అయినా ఎంతవుతుందో రెండు దారులకూ కాగితం మీద వేసి చూపించాను. ఆమె రెండో దారే ఎంచుకున్నారు.

నోటీసు ఇలా రాశాం: "ఈ ఖాతాను కనీస కాలం ముగిసిన మరుసటి రోజు, జూన్ 10న మూసేయండి. ఈ మెయిల్‌ను నోటీసుగా పరిగణించండి. అందినట్టు తేదీతో, టికెట్ నంబర్‌తో జవాబివ్వండి." కారణాలు, కోపాలు ఏవీ రాయలేదు. నోటీసు పద్దు కూడా దీంతోనే పోయింది. ఉత్తరంలో వేసిన ఆ నెల, మిగిలిన కాలం పద్దులో ఉన్న నెల, ఒకే రోజులకు రెండుసార్లు వేసిన చార్జీ. ఇది బిల్లుల్లో తరచుగా కనిపించే తప్పు, రోజుల లెక్క అడిగితే తప్ప బయటపడదు.

నోటీసు అందగానే రిటెన్షన్ టీమ్, అంటే మానేస్తామన్నవాళ్లను ఆపే విభాగం, ఫోన్ చేసింది. ఆరు నెలలు సగం ధర అన్నారు. లైన్ కొత్త ఇంటికి మారుస్తామన్నారు, తర్వాత అక్కడ లైన్ లేదని వాళ్లే తేల్చారు. ఆఖరి నెలకు అన్నిటికంటే చిన్న ప్లాన్‌కు మారితే బిల్లు తగ్గుతుందన్నారు. ఈ చివరి మాట ఆమెకు నచ్చింది. షరతులు మెయిల్ చేయమన్నాం. చూస్తే, ప్లాన్ మారిన రోజు నుంచి కొత్తగా 12 నెలలు అని ఉంది. ఆ మాట ఫోన్‌లో ఎవరూ చెప్పలేదు. కాలం చాలా మిగిలి ఉన్నప్పుడు చిన్న ప్లాన్‌కు మారడం, కొన్ని నెలలు పాజ్ చేయడం, ఆ ఇంట్లో దిగేవాళ్ల పేరుకు మార్చడం మంచి దారులే. వీటిలో ఏది ఎంచుకున్నా ముగింపు తేదీ కదలదని రాతలో వచ్చాకే సరే అనాలి.

ఒక విషయం నేనే ఆలస్యంగా పట్టుకున్నాను. ఆ కనెక్షన్‌తోపాటు ల్యాండ్‌లైన్ నంబర్ ఉందని ఆమె రెండో భేటీలో మాటల మధ్య చెప్పారు. వాళ్ల అత్తగారికి కంఠస్థమైన నంబర్ అదొక్కటే. డాక్టర్ల దగ్గర, బంధువుల దగ్గర ఉన్నదీ అదే. మొదటి రోజే అడగాల్సింది. ఖాతా మూసేస్తే నంబర్ పోతుంది, తర్వాత తెచ్చుకోవడం చాలా కష్టం. ముందు కొత్త కంపెనీ ద్వారా పోర్ట్ పెట్టాలి, అంటే అదే నంబర్‌ను అక్కడికి మార్చమని అడగాలి, అది పూర్తయ్యాకే పాతది మూయాలి. సస్పెండైన లైన్‌కు పోర్ట్ అభ్యర్థన తిరిగొచ్చే ప్రమాదం ఉంది కాబట్టి ఏప్రిల్ 17న బాకీ కట్టి లైన్ తెరిపించడం ఇక్కడా పనికొచ్చింది. పోర్ట్ పూర్తయితే పాత ఖాతా దానంతట అదే మూతపడే పద్ధతి కూడా ఉంది. గడువుకు నాలుగు రోజుల ముందు అలా జరిగితే మళ్లీ ఇన్‌స్టలేషన్ పద్దు లేస్తుంది. అందుకని పోర్ట్ తేదీ జూన్ 10 అని రెండు కంపెనీలకూ రాసి పంపాం. బ్రిటన్‌లో 2024 సెప్టెంబర్ 12 నుంచి వన్ టచ్ స్విచ్ అని ఒక పద్ధతి నడుస్తోంది. కొత్త కంపెనీకి చెబితే చాలు, పాత కనెక్షన్ మూయించే పని వాళ్లే చూసుకుంటారు. అలాంటిది లేనిచోట ఈ రెండు తేదీల్ని మనమే కలుపుకోవాలి.

ఇక పరికరాలు. రూటర్‌ను ఆమె కొత్త ఇంటికి తెచ్చుకున్నారు. బయటి ఫైబర్ తీగను రూటర్‌కు కలిపే ఫైబర్ బాక్స్ పాత ఇంటి గోడకే ఉండిపోయింది. ఇల్లు అప్పగించాక రంగులు వేసేవాళ్లు దాన్ని ఊడదీసి ఓ అట్టపెట్టెలో పడేశారు. ఇంటి ఓనర్ మంచివారు, పారేయకుండా ఉంచారు. పెట్టె తెచ్చి నా టేబుల్ మీద బోర్లించాం. మీద సున్నం చుక్కలు, పక్కన ఆకుపచ్చ కొన ఉన్న సన్నటి ఫైబర్ తీగ, దాని టోపీ ఊడిపోయి ఉంది. బాక్స్ అడుగున స్టిక్కర్ మీద సీరియల్ నంబర్, మాక్ అడ్రస్ ఉన్నాయి. మొదటి ఆర్డర్ మెయిల్‌లోని సీరియల్ నంబర్‌తో కలిసింది. అడాప్టర్ మాత్రం తేడాగా అనిపించింది. తిప్పి చూస్తే 9 వోల్టులు. బాక్స్ మీద 12 వోల్టులని ఉంది. ఇల్లు మారే హడావిడిలో ఎక్కడో తారుమారైంది. ఆమె ఇంటికెళ్లి డ్రాయర్లన్నీ వెతికితే అసలుది అత్తగారి పాత రేడియో పక్కన దొరికింది.

చిన్న విషయంలా ఉంటుంది కానీ, బాక్స్ ఇచ్చి అడాప్టర్ ఇవ్వకపోతే పరికరం అసంపూర్ణం అని రాసి రుసుము వేసే కంపెనీలు ఉన్నాయి. మేం అన్నీ వరుసగా పెట్టి ఫోటోలు తీశాం, స్టిక్కర్లు చదవగలిగేంత దగ్గరగా. జూన్ 11న టెక్నీషియన్ వచ్చాడు. అతని ఫోన్‌లో "రూటర్ 1" అని మాత్రమే ఉంది, బాక్స్ ఊసు లేదు. రూటర్ ఒక్కటే ఇచ్చి పంపితే నెల తర్వాత బాక్స్ ధర బిల్లులో కనిపించేది. ఆమె అతనికి టీ ఇచ్చి కూర్చోబెట్టి, ఆఫీసుకు ఫోన్ చేయించి, రెండు సీరియల్ నంబర్లూ రెండు అడాప్టర్లూ రాసిన రసీదు మెసేజ్ తన ఫోన్‌కు వచ్చాకే వాటిని చేతికిచ్చారు. పరికరాల పద్దు, 3 నెలల బిల్లంతది, అక్కడితో పోయింది.

ఆలస్య రుసుముల్లో ఒకటి తీసేశారు, ఒకటి ఉంచారు. ఫిబ్రవరి 26 కాల్ నోట్స్‌లో "ఇల్లు మారుతున్నారు, మూయమంటున్నారు, ఆఫర్ వద్దన్నారు" అని వాళ్ల దగ్గరే ఉంది. అడిగినా పట్టించుకోలేదన్నది తేలింది కాబట్టి మార్చి రుసుము మాఫీ చేశారు. ఏప్రిల్ బిల్లు సంగతి వేరన్నారు, బిల్లు వచ్చినట్టు తెలిసీ కట్టలేదు కదా అన్నారు. అది న్యాయమే అనిపించింది, ఇంకా లాగలేదు.

జూన్ 10న వాళ్ల సిస్టమ్ అలవాటుగా ఇంకో పూర్తి నెల బిల్లు కొట్టింది. బిల్లు ముందుగా వేసే కంపెనీల్లో ఇది మామూలే. మూసిన రోజు వరకే ఉంచి మిగతా 29 రోజులూ వెనక్కి రాయాలి. ఒక మెయిల్‌తో సరిచేశారు. ఆఖరి లెక్క: మార్చి, ఏప్రిల్, మే నెలలకు 3 నెలల బిల్లు, ఒక రోజు చార్జీ, ఒక ఆలస్య రుసుము. ఈ చివరి రెండూ డిపాజిట్‌లోంచి తీసుకుని, మిగిలింది జూలై చివరి వారంలో ఆమె ఖాతాలో వేశారు. బాకీలేమీ లేవని, ఖాతా జూన్ 10న మూసేశామని లెటర్ హెడ్ మీద రాసిచ్చిన కాగితం మూడుసార్లు అడిగితే గానీ రాలేదు. దాన్ని వదలొద్దని ఆమెకు గట్టిగా చెప్పాను.

సెప్టెంబర్‌లో ఆమెకు ఒక వసూలు ఏజెన్సీ నుంచి ఫోన్ వచ్చింది. ఏప్రిల్ నాటి ఆ 26 నెలల మొత్తమే. సరిచేయకముందే పంపిన జాబితా అది, ఎక్కడో ఉండిపోయింది. ఆమె నాకు ఫోన్ చేయలేదు. మూసివేత ఉత్తరం, రసీదు మెసేజ్ ఫోటో తీసి వాళ్లకు పంపి, జాబితాలోంచి తన పేరు తీసేసినట్టు రాతలో ఇవ్వమని అడిగారు. రెండు రోజుల్లో ఇచ్చారు. క్రెడిట్ రిపోర్టు కూడా తెప్పించి చూసుకున్నారు, ఏమీ ఎక్కలేదు. ఇదంతా అయ్యాక, ఫైలులో పెట్టుకోమని ఆ కాగితాలన్నీ నాకు పంపారు.